జడ్జిగారి కన్నీళ్ళు

మా మామయ్య తన జీవితంలో ఒక్క కొత్త బట్ట కూడా కుట్టలేదు. ఇంకెవరో కుట్టినదాన్ని పొట్టి చేయడం, వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరుగు కనపడకుండా పోగులు అల్లడం, ఇంతే ఆయన పని. ఎవరైనా గుడ్డ తెచ్చి చొక్కా కుట్టమంటే ఎదురు వీధిలోని టైలరు దగ్గరికి దారి చూపించి పంపేస్తాడు. "వాడు పాడుచేశాక నా దగ్గరికి రండి" అని మాత్రం అనడు. అంత నోరే ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేది.

నోరంతా అత్తయ్యకే ఉండేది. నేను వాళ్ళ మేనకోడల్ని, అదే వీధి చివరి స్కూల్లో డ్రిల్ టీచర్ని. నా గొంతు మైదానం అవతలి గోడకి తగిలి వెనక్కి వస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. అయినా సరే, అత్తయ్య తిట్లు లంకించుకుంటే నేను మెట్ల మీదే ఆగి వినేదాన్ని. విద్య అలా నేర్చుకోవాలి.

కింద కొట్టు, పైన ఇల్లు, రెండిటికీ మధ్య ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు మెట్లు. కొట్లో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా కొక్కేలకి వేలాడే ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు. మిషను పక్కన పాత దుప్పటి మీద కుక్క. వేలాడే బుగ్గలు, నుదుటి నిండా ముడతలు, ఎప్పుడూ ఏదో గంభీరంగా ఆలోచిస్తున్నట్టుండే మొహం. దానికి జడ్జి అని పేరు పెట్టింది అత్తయ్యే. ఆ ఉద్యోగం ఇచ్చింది కూడా ఆవిడే.

సాయంత్రం కొట్టు కట్టేసి మామయ్య పైకి రాగానే కోర్టు మొదలయ్యేది. అత్తయ్య ఎప్పుడూ మొగుడితో నేరుగా పోట్లాడలేదు. కుక్క గిన్నె నింపుతూ, కుక్కకే ఫిర్యాదు చేసేది. "చూశారా జడ్జిగారూ, ఈ మనిషి మళ్ళీ దిండు మీద సుద్ద మరకలు చేశాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడు, ఏదో ఒకరోజు మింగి చస్తాడు, అప్పుడు నేను ఎవర్ని తిట్టుకోవాలి? ఊరందరి చొక్కాలకీ గుండీలు కుడతాడు, తన చొక్కా చూడండి, ఆ మూడో గుండీ ఎక్కడుందో మీరే కనుక్కోండి." ముద్దాయి కుర్చీలో కూర్చుని "ఊఁ" అనేవాడు. జడ్జి మాత్రం చాప మీద బుద్ధిగా కూర్చుని, మెడ పైకెత్తి, రెప్ప వెయ్యకుండా ముద్దాయి మొహంలోకే చూసేది. ఫిర్యాదు మొత్తం వినిపించాక గిన్నె కింద పెట్టేది అత్తయ్య. తీర్పు ఏనాడూ రాలేదు, కేసు రోజూ వాయిదానే.

నిరుడు వానల్లో అత్తయ్య పోయింది. మధ్యాహ్నం కునుకు తీస్తానని పడుకున్న మనిషి లేవలేదు. బంధువులందరం ఏడ్చాం, నేనైతే వీధి అదిరిపోయేట్టు ఏడ్చాను. మామయ్య ఏడవలేదు. మర్నాడు కొట్టు తీసి మిషను ముందు కూర్చున్నాడు. పొద్దుణ్ణించి చీకటి పడేదాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఎదురుగా స్టేషనరీ కొట్టు ఉంది. దాని యజమానురాలిని మేమందరం రేడియో అంటాం, ఆవిడ లేనప్పుడు. ఆవిడ నోటికి ఇదొక్కటి చాలు. "పెళ్ళాం పోయిన మర్నాడే ప్యాంట్లు! గుండె కాదు, ఇస్త్రీపెట్టె!" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ పెన్సిలుతో పాటు అంటగట్టింది. మామయ్య చెవిన పడింది. ఆయన "ఊఁ" కూడా అనలేదు.

కొన్నాళ్ళకి జడ్జి కుడికంట్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. ముందు చూసింది రేడియోనే. "అయ్యో, తల్లి కోసం ఏడుస్తోందమ్మా! నోరులేని జీవానికి ఉన్న విశ్వాసం మనుషులకి లేదు" అంది, మనుషులకి అన్నప్పుడు మామయ్య వైపు చూస్తూ. ఇక చూడాలి సంబరం. పొట్టి చేయాల్సిన అవసరం లేని ప్యాంట్లు కూడా పట్టుకుని జనం వచ్చారు. ఏడ్చే కుక్క ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఒకాయన అయితే తన పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చి, "చూడు, ప్రేమంటే అదీ" అని చూపించాడు. ఆవిడ మొహం మాడ్చుకుని, "అయితే దాన్నే కట్టుకోండి" అని వెళ్ళిపోయింది.

నాకు ఆశ్చర్యం కలిగించింది మామయ్య. ఎవరి కంటా పడకుండా బతికిన మనిషి, కుక్క దుప్పటిని మిషను పక్కనుంచి తీసి గుమ్మం దగ్గర, అందరికీ కనపడేట్టు పరిచాడు. ఎవరైనా "పాపం, ఎంత దుఃఖం!" అంటే తలెత్తి చూసేవాడు. ఆ చూపులో గర్వం ఉండేది.

నాకు మొదట్నించీ అనుమానమే. దుఃఖం రెండు కళ్ళనుంచీ రావాలిగా? జడ్జి కుడికన్ను చికిలించుకుని చూస్తోంది. వెలుతురు పడితే మొహం తిప్పేసుకుంటోంది. కుర్చీ కాలికి మొహం వేసి రుద్దుతోంది. కంటికింద బొచ్చు తడిసి తడిసి గోధుమరంగు చార కట్టింది, పొద్దున్నే పచ్చగా పుసి కూడా. తిండి సరిగ్గా తినడంలేదు, బుగ్గలు జారిపోయాయి. వీధిలో ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. పాలవాడు శుక్లం అన్నాడు. ఎదురు వీధి టైలరు కళ్ళకలక అన్నాడు. రేడియోకి మాత్రం అది శుద్ధమైన ప్రేమ, దానికి మందు లేదు.

"మామయ్యా, ఏ దుఃఖమూ పుసి కట్టదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం పద" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే ఎప్పుడు?"

మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. "ఈ ఇంట్లో ఆవిడ కోసం ఏడుస్తున్నది అదొక్కటేనే అమ్మాయ్. దాన్ని కూడా మాన్పించమంటావా?"

నా నోరు మూతపడింది. అలాంటి సంఘటనలు నా జీవితంలో అరుదు. ఆయన ఆ కుక్కని తన తరఫున ఏడవడానికి కూర్చోబెట్టుకున్నాడని అప్పుడు అర్థమైంది. తనకి రాని ఏడుపు దానికి వస్తోందని నమ్మాడు. ఆ నీళ్ళు ఆగిపోతే అత్తయ్యకి ఇక ఎవరూ లేనట్టే. నాకు ఆయన మీద జాలేసింది, వెంటనే కోపం కూడా వచ్చింది, ఎందుకంటే ఈయన దుఃఖానికి ఆ మూగజీవం కన్ను ఎందుకు అద్దెకివ్వాలి?

నా మాటతో ఆయన కదల్లేదు. కదిలించింది ఆయన వృత్తే. ఒక ఆదివారం జడ్జి గుమ్మంలోంచి లోపలికి వస్తూ ఇస్త్రీ బల్ల కాలికి గుద్దుకుంది. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. మామయ్య దాన్ని ఒళ్ళోకి లాక్కుని, నల్ల గుడ్డ మీద నల్లదారం విప్పేటప్పుడు వాడే భూతద్దం తీశాడు. బొటనవేలితో రెప్పని మెల్లగా లాగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మడత లోపలికి పోయింది" అన్నాడు.

"ఏంటి?"

"కింది రెప్ప. అంచు లోపలికి తిరిగిపోయింది. వెంట్రుకలన్నీ కనుగుడ్డుకి గుచ్చుకుంటున్నాయి." భూతద్దం కింద పెట్టాడు. "రోజంతా ఊళ్ళోవాళ్ళ మడతలు చూస్తాను. నా పక్కన పడుకున్నదాని మడత చూళ్ళేదు."

కంటికి రెప్పలా చూసుకోవడం అంటాం కదా, ఇక్కడ రెప్పే కంటిని గీరి గీరి తింటోంది. మామయ్య మర్నాడు పొద్దున్నే కొట్టు కట్టేశాడు. అత్తయ్య పోయిన మర్నాడు కూడా కట్టని కొట్టు.

జంతువుల ఆస్పత్రి వరండాలో మా కుక్క కష్టం చిన్నదిగా కనిపించింది. ఒక బుజ్జి కుక్కకి కంటి మూలలో ఎర్రటి కండ ఉబికి వచ్చింది, రేగుపండు తెచ్చి అతికించినట్టుంది. ఇంకోదానికి కంట్లో తడే లేదట, జిగటగా అంటుకుపోయి ఉంది, నీళ్ళు రావడానికే మందు వేస్తున్నారట. దాని యజమాని మా జడ్జి చెంప మీది ధార చూసి నిట్టూర్చాడు. "మీది అదృష్టం సార్" అన్నాడు. మామయ్య "ఊఁ" అన్నాడు.

డాక్టరమ్మ చేతులు చకచకా కదిలే మనిషి. జడ్జి కంట్లో రంగు చుక్క వేసి, గదిలో లైటు ఆర్పించి, నీలం లైటు వేసి చూసింది. గుడ్డు మీద ఆకుపచ్చగా మెరిసే మచ్చ కనిపించింది.

"అది పుండు. వెంట్రుకలు గీరి గీరి పడింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ పోయిందండీ. దానికోసం ఏడుస్తోందనుకున్నాం."

ఆవిడ మామయ్య మొహంలోకి చూసింది. నవ్వుతుందేమో, నవ్వితే కడిగేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు. "రెప్ప ముందునించే కొంచెం లోపలికి ఉండుంటుంది. మొహం నిండుగా ఉన్నన్నాళ్ళూ బయటపడలేదు. ఇప్పుడు చిక్కిపోయింది కదా, కంటి వెనకాల కొవ్వు కరిగి గుడ్డు లోపలికి దిగింది, రెప్ప ముడుచుకుపోయింది. తిండి ఎప్పట్నించి మానేసింది?"

"ఆవిడ పోయినప్పట్నించి."

"తిండి ఎందుకు మానేసిందో నాకు తెలీదండీ. కన్ను ఎందుకు కారుతోందో మాత్రం తెలుసు. ఆపరేషన్ చేసి రెప్ప బయటికి తిప్పుతాను. తర్వాత చుక్కలు పూటపూటకీ పడాలి, ఒక్క పూట కూడా తప్పకూడదు. పుండు ఇంకా లోతుకి పోయిందంటే కన్ను తీసెయ్యాల్సి వస్తుంది."

కన్ను తీసెయ్యడం అన్నప్పుడు మామయ్య జడ్జి చెవి పట్టుకున్నాడు, పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెప్ప కింద నెలవంకలా చిన్న చర్మం ముక్క కోసి, అంచులు దగ్గరికి లాగి కుట్టింది. మెలకువ వచ్చిన కుక్క మెడకి గరాటాలాంటి ప్లాస్టిక్ పట్టీ తగిలించారు. మామయ్య భూతద్దం బయటికి తీశాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఇంకొంచెం ఎక్కువ కోసుంటే గట్టిగా నిలిచేదేమోనండీ" అన్నాడు.

"ఎక్కువ కోస్తే రెప్ప బయటికి వేలాడిపోతుంది. అప్పుడు దుమ్మంతా కంట్లోనే. ఇది ప్యాంటు కాదు, మళ్ళీ విప్పి వదులు చేయడానికి" అంది డాక్టరమ్మ.

మామయ్య కాస్త ఆలోచించి, తృప్తిగా తలూపాడు. ఇంటికొచ్చే దారంతా ఆవిడ కుట్టు గురించే చెప్పాడు. అంత మాట్లాడగలడని నాకప్పటిదాకా తెలీదు.

అసలు యుద్ధం ఇంట్లో మొదలైంది. చుక్కలు. మామయ్య సీసా మూత తీసిన చప్పుడుకే జడ్జి మంచం కిందకి దూరింది. గరాటా అడ్డంపడి సగం కుక్క బయటే ఉండిపోయింది. తువ్వాలు చుట్టి పట్టుకున్నాం, తువ్వాలే మా చేతుల్లో మిగిలింది. నేను వెనక కాళ్ళు, మామయ్య తల, సాయానికొచ్చిన రేడియో నడుము. తొలి చుక్క మామయ్య చొక్కా మీద, మలిచుక్క రేడియో ముక్కులో. "నాకేమైనా అవుతుందా?" అని ఆవిడ కెవ్వుమంది. "మీ కన్ను మాత్రం బాగుపడుతుంది" అన్నాను. ఆవిడ అలిగి వెళ్ళిపోయింది. కుక్క గోడమూలకి నక్కి గుర్రుమంటోంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చుక్క పడాల్సిన వేళ దాటిపోతోంది. మామయ్య నోట్లో గుండుసూది పెట్టుకుని, సీసా పట్టుకుని, దిక్కు తోచక నిలబడ్డాడు. ఆ గుండుసూది చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఏం మనిషివి నువ్వు! ముందా సూది ఉమ్మెయ్! మింగి చస్తే ఎవరికి చెప్పుకోవాలి? చొక్కాకి మూడో గుండీ ఇంకా లేదు! ఇల్లంతా దారాలు, దిండంతా సుద్ద, నోరు తెరిస్తే ఊఁ! ఇన్నాళ్ళూ ఆవిడ నిన్నెలా భరించిందో గానీ..."

గరాటా గోడకి రాసుకున్న చప్పుడైంది. జడ్జి మూలలోంచి బయటికొచ్చింది. నడుచుకుంటూ వచ్చి చాప మీద, తన పాత చోట్లో కూర్చుంది. మెడ పైకెత్తింది. గరాటాలోంచి, రెప్ప కదపకుండా, ముద్దాయి మొహంలోకి చూసింది.

ఇద్దరం కొయ్యబారిపోయాం. "ఆపకు" అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. నేను తిట్టాను. నాకు తెలిసినవన్నీ, స్కూల్లో దాచుకున్నవి కూడా తిట్టాను. మామయ్య ముందుకి వంగి, చిటికెడు రెప్ప లాగి, కంట్లో చుక్క వేశాడు. జడ్జి అంగుళం కదల్లేదు. చుక్క పడ్డాక మూతి నాక్కుని, గిన్నె ఏదీ అన్నట్టు చూసింది. పెట్టాం. అడుగుదాకా నాకేసింది. అత్తయ్య పోయాక అది కడుపునిండా తినడం అదే మొదలు.

ఇన్నాళ్ళూ దానికి తిండి ఎందుకు సహించలేదో అప్పుడు తెలిసింది. కోర్టు నడవనిదే భోజనం ఎలా? ఆ ఇంట్లో మామయ్యని తిట్టేవాళ్ళు లేకపోయారు.

కానీ పూటపూటకీ తిట్టడానికి నాకు స్కూలుంది. ఆ పని మామయ్యే చేసుకోవాలి. మొదట్లో ఆయన తిట్టు వింటే నాకే ఆవలింత వచ్చింది. "నేను... సరైన మనిషిని కాను" అన్నాడు, దరఖాస్తు చదువుతున్నట్టు. జడ్జి లేచి వెళ్ళిపోబోయింది. "మామయ్యా, నువ్వు నువ్వుగా తిట్టకు. అత్తయ్య ఏమనేదో అను" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "చూశారా జడ్జిగారూ" అన్నాడు. గొంతు ఆయనదే, ఆ సాగదీత మాత్రం అచ్చం ఆవిడది. జడ్జి కూర్చుంది.

ఆ తర్వాత నేను స్కూలుకి పోతూ వస్తూ మెట్ల మీద ఆగి వినేదాన్ని. ఆయనకి అన్నీ గుర్తున్నాయి. ఆవిడ తిట్టిన ప్రతి తిట్టూ, ఊఁ కొడుతూ, పట్టించుకోనట్టు కూర్చున్న మనిషి, ఒక్కటీ పొల్లుపోకుండా లోపల పెట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో గొడుగు రైల్లో మర్చిపోయినందుకు తిట్టినవి. ఆవిడకి జ్వరమొస్తే మందు తేవడానికి వెళ్ళి గుండీలు కొనుక్కొచ్చినందుకు తిట్టినవి. ఎదురు కొట్టులో రేడియో చెవులు రిక్కించి, "ముసలాయనకి మతి పోయింది, తనని తనే తిట్టుకుంటున్నాడు" అని ప్రసారం మొదలుపెట్టింది.

పుండు మానింది. కుట్లు విప్పారు, గరాటా తీసేశారు. డాక్టరమ్మ మళ్ళీ రంగు వేసి చూసి, కన్ను దక్కింది, చుక్కలు ఇక చాలంది. కంటికింద బొచ్చు ఆరింది, బుగ్గలు నిండాయి. చెంప మీద తడి లేదు. వీధి నిరాశపడింది. ఫోటోల కోసం వచ్చినవాళ్ళు పొడి మొహం చూసి తిరిగి వెళ్ళిపోయారు.

"మర్చిపోయిందన్నమాట" అంది రేడియో గుమ్మంలో నిలబడి. "ఎంతైనా కుక్కబుద్ధి. అప్పుడు మీరూ అంతే కదా."

మామయ్య మిషను ఆపాడు. నోట్లో గుండుసూది తీసి, గుడ్డకి గుచ్చాడు. "చూశారా జడ్జిగారూ," అన్నాడు తాపీగా, "ఈవిడకి ఎదురింటి కళ్ళు తుడవడానికి ఎంత తీరికో. సొంత కొట్లో పెన్సిళ్ళకి చెద పట్టింది, అది చూసుకునే తీరిక లేదు. వెళ్ళమనండి." రేడియో జీవితంలో మొదటిసారి మూగబోయింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

ఆ సాయంత్రం నేను పైకి వెళ్ళేసరికి మామయ్య గిన్నె నింపి కింద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. చుక్కల సీసా చెత్తబుట్టలో ఉంది. జడ్జి గిన్నె ముట్టుకోలేదు. చాప మీద కూర్చుని, మెడ ఎత్తి, రెండు కళ్ళూ విప్పార్చి ఆయన్నే చూస్తోంది.

"అయిపోయిందిగా. కన్ను బాగైంది. తిను" అన్నాడు.

అది కదల్లేదు. ఆయన నావైపు చూశాడు. నేను కళ్ళతోనే జడ్జిని చూపించాను.

"చూశారా జడ్జిగారూ" అని మొదలుపెట్టాడు. ఆగాడు. ఇదివరకు వినని ఫిర్యాదు అది, అత్తయ్య చేసుండలేని ఫిర్యాదు. "నేను పోతే ఈ మనిషి ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. మర్నాడే కొట్టు తీసి ప్యాంట్లు కుట్టుకున్నాడు. అడగండి. ఏం కుట్టాడో అడగండి."

ఇన్నేళ్ళ కోర్టులోనూ ముద్దాయి "ఊఁ" తప్ప ఇంకో జవాబు చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పాడు, తన సొంత గొంతుతో.

"ఒకటే ప్యాంటు" అన్నాడు. "ఎవరిదో కూడా తెలీదు. కాలిమడత కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. చీకటి పడేదాకా అదే. కొట్టు కట్టేస్తే పైకి రావాలిగా. పైకొస్తే తిట్టడానికి నువ్వుండవు."

ఆయన మొహం ముడుచుకుపోయింది. రెండు కళ్ళనుంచీ నీళ్ళు కారాయి. చొక్కా చెరగుతో తుడుచుకోబోతే, మూడో గుండీ లేనిచోట చొక్కా విడిపోయి బనీను కనిపించింది. నేనూ ఏడ్చాను, ఈసారి వీధికి వినపడకుండా.

జడ్జి కాసేపు ఆయన్ని చూసింది. ఆ తర్వాత గిన్నెలో మూతి పెట్టి తినడం మొదలుపెట్టింది.